'ఐయామ్ నాట్ ఇన్ లవ్': వెనకాల వినిపించేది సింథసైజరా, మనుషులా? అమెరికాలో రెండో స్థానం ఎందుకు దాటలేదు?

రాజమండ్రి_రేడియో (శనివారం రాత్రి 10:05)

అందరికీ నమస్తే. మొన్న రాత్రి మా వీధిలో కరెంటు పోయి రెండు గంటల దాకా రాలేదు. ఫ్యాన్ లేదు, ఫ్రిజ్ చప్పుడు లేదు, పక్కింటి టీవీ లేదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పాత ఇంగ్లిష్ పాటలు వింటుంటే టెన్ సీసీ అనే బ్రిటిష్ గ్రూపు వాళ్ల 'ఐయామ్ నాట్ ఇన్ లవ్' వచ్చింది. 1975 పాట. కాలేజీ రోజుల్లో ఒక స్నేహితుడు రికార్డు చేసి ఇచ్చిన క్యాసెట్‌లో ఉండేది, అప్పటి నుంచీ తెలుసు. కానీ అంత నిశ్శబ్దంలో వినడం ఇదే మొదటిసారి.

డ్రమ్స్ దాదాపు లేవు. గుండె కొట్టుకున్నట్టు మెత్తగా ఒక దెబ్బ, అంతే. గిటారు ఉందా లేదా అన్నట్టుంది. పాట మొత్తాన్నీ మోస్తున్నది వెనకాల ఉన్న ఆ "ఆ..." అనే శబ్దం. ధనుర్మాసంలో తెల్లారగట్ల గోదారి మీద మంచు కమ్ముకుంటే అవతలి గట్టు ఎక్కడుందో తెలియదు చూడండి, అలా ఉంది. ఎక్కడ మొదలవుతోందో, ఎక్కడ ఆగుతోందో అందడం లేదు. ఊపిరి పీల్చుకున్న చప్పుడు కూడా లేదు.

రెండు సందేహాలు. ఆ శబ్దం సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాయిద్యానిదా, నిజంగా మనుషులు పాడిందా? ఇంగ్లండ్‌లో వారం వారం వచ్చే హిట్ పాటల చార్టులో నంబర్ వన్ అయిన పాట అమెరికాలో రెండో స్థానం దగ్గరే ఎందుకు ఆగిపోయింది? తెలిసినవాళ్లు చెప్పండి. నాకు నిద్ర పట్టడం లేదు.

మిక్సింగ్_మూర్తి (శనివారం రాత్రి 11:20)

అన్నీ మనుషుల గొంతులేనండీ. మీరు గుండె చప్పుడు అన్నారు చూడండి, సింథసైజర్ అదొక్కటే. మూగ్ అనే వాయిద్యం మీద, గ్రూపులోని నలుగురిలో ఒకడైన కెవిన్ గాడ్లీ వాయించింది. మిగతా ఆ మంచు అంతా ముగ్గురు మనుషుల గొంతు.

ముందు ఈ పాట అలా లేదు. గ్రూపులోని ఎరిక్ స్టీవర్ట్, గ్రాహమ్ గౌల్డ్‌మన్ కలిసి రాశారు. బోసా నోవా అనే బ్రెజిల్ లయలో, గిటార్లతో మామూలుగా రికార్డు చేశారు. గాడ్లీకి అస్సలు నచ్చలేదు. పక్కన పడేశారు, టేపు కూడా చెరిపేశారు. కానీ స్టూడియోలో పనిచేసేవాళ్లు అటూ ఇటూ తిరుగుతూ అదే ట్యూన్ పాడుకుంటున్నారని స్టీవర్ట్ గమనించాడు. మళ్లీ చేద్దాం అన్నాడు. చేస్తే వాయిద్యాలు వద్దు, గొంతులతోనే చేద్దాం అన్నాడు గాడ్లీ. గొంతు ఎంతసేపని సాగుతుంది? ఊపిరి అయిపోతుంది కదా. దానికి టేపు లూపులు వాడమని గ్రూపులో నాలుగో అతను లోల్ క్రీమ్ ఉపాయం చెప్పాడు.

గాడ్లీ, క్రీమ్, గౌల్డ్‌మన్ ముగ్గురూ నిలబడి ఒక స్వరాన్ని "ఆ..." అని పాడారు. అదే స్వరం 16 సార్లు. మూడు పదహార్లు 48 గొంతులు. తర్వాత పై స్వరం, మళ్లీ 16 సార్లు. అలా 12 స్వరాలూ. ఈ పనికి మూడు వారాలు పట్టింది. 48ని 12తో గుణిస్తే 576. పై షడ్జమం కూడా కలిపి 13 స్వరాలుగా లెక్కేసేవాళ్లు 624 అంటారు.

మూడు వారాలు "ఆ" అని పాడే వీలు ఎవరికి ఉంటుందండీ? ఇంగ్లండ్‌లో స్టాక్‌పోర్ట్ అనే ఊళ్లో ఉన్న స్ట్రాబెర్రీ స్టూడియోలో స్టీవర్ట్ భాగస్వామి. బయటి స్టూడియో అయితే గంటకింత అని మీటరు తిరుగుతుంటుంది, రెండో రోజుకే చాలించమంటారు. సొంత ఇల్లు లాంటిది కాబట్టి ఓపిక పట్టగలిగారు.

లూపు సంగతి రేపు రాస్తాను. అది సగంలో ఆపేసే విషయం కాదు.

ఓరుగల్లు_పోరడు (ఆదివారం ఉదయం 7:48)

మూర్తి సార్, మస్తు చెప్పిన్రు. లూపు గురించి వెయిటింగ్.

నాకు ఈ పాట 'గార్డియన్స్ ఆఫ్ ద గెలాక్సీ' సినిమాతో తెలుసు. 2014లో మా అన్న హైదరాబాద్‌ల థియేటర్‌కు తీస్కపోయిండు. సినిమా మొదలే ఈ పాట. ఆస్పత్రిల చిన్న పిల్లగాడు వాక్‌మన్‌ల ఇదే వింటుంటాడు, లోపల అమ్మ చావుబతుకుల మధ్య ఉంటది. నేను గ్రహాంతరవాసుల ఫైటింగ్ చూద్దామని పోయిన, మొదటి మూడు నిమిషాలకే కండ్లల్ల నీళ్లు. నాకప్పుడు పన్నెండేండ్లు. పాట పేరు తెల్వకుండానే ఇంటికొచ్చినంక ఒక వారం మనసుల తిరిగింది.

చార్ట్_చంద్రం (ఆదివారం ఉదయం 9:30)

రెండో ప్రశ్న నాకు వదిలేయండి. ఈ లెక్కలంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం.

బ్రిటన్‌లో 'ది ఒరిజినల్ సౌండ్‌ట్రాక్' ఆల్బమ్ 1975 మార్చిలో వచ్చింది. అందులోంచి ముందు విడుదల చేసిన సింగిల్ (విడిగా అమ్మే ఒక్క పాట రికార్డు) ఇది కాదు, 'లైఫ్ ఈజ్ ఎ మినెస్ట్రోన్'. అది ఏడో స్థానం దాకా వెళ్లింది. ఆరు నిమిషాలు దాటిన పాట, అదీ డ్రమ్స్ లేకుండా, రేడియోలో ఎవరు వేస్తారన్న అనుమానం అప్పట్లో సహజం. మేలో సింగిల్‌గా వచ్చింది. జూన్ 28 నాటి చార్టులో నంబర్ వన్. రెండు వారాలు ఉంది. దానికి ముందు ఆ స్థానంలో ఉన్నది 'విస్పరింగ్ గ్రాస్'. అది మన దేశంలోని దేవ్‌లాలీ సైనిక శిబిరం నేపథ్యంగా తీసిన ఒక బ్రిటిష్ టీవీ కామెడీలోని ఇద్దరు నటులు పాడింది. తర్వాత వచ్చినది జానీ నాష్ పాట. ఐర్లండ్, కెనడాల్లో కూడా మనవాళ్లు నంబర్ వన్. (మనవాళ్లు అనేశాను, అలవాటైపోయింది.)

ఇక అమెరికా. బిల్‌బోర్డ్ పత్రిక వేసే హాట్ 100 చార్టులో జులై 26న రెండో స్థానానికి వచ్చింది. అక్కడే మూడు వారాలు. ఆ మూడు వారాల్లో పైనున్న పాట ఏదని చూస్తే నా గుండె తరుక్కుపోతుంది. జులై 26న వ్యాన్ మెకాయ్ 'ద హజిల్'. ఆగస్టు 2న ఈగిల్స్ 'వన్ ఆఫ్ దీజ్ నైట్స్'. ఆగస్టు 9న బీజీస్ 'జైవ్ టాకిన్'. వారానికొక పాట! ఒకే పాట మూడు వారాలు అడ్డంగా నిలబడి ఉంటే, సరే, అది అంత పెద్ద హిట్టు అనుకుని సరిపెట్టుకోవచ్చు. ఇక్కడ ఒక పాట దిగిపోయింది, ఖాళీ అయిన కుర్చీలో వెనక నుంచి ఇంకొకరు వచ్చి కూర్చున్నారు. మరుసటి వారం మళ్లీ అదే.

రాజమండ్రి_రేడియో (ఆదివారం ఉదయం 9:52)

చంద్రం గారూ, ఇంగ్లండ్‌లో అంత సులువుగా పైకి వెళ్లింది అక్కడ ఎందుకు వెళ్లలేదు? లెక్క కట్టే పద్ధతిలో తేడా ఉందా?

చార్ట్_చంద్రం (ఆదివారం ఉదయం 10:40)

ఉందండీ, చాలా ఉంది. బ్రిటన్ చార్టు అంటే అమ్మకాలే. కొన్ని వందల రికార్డు షాపులవాళ్లు ఏ రోజు ఏ సింగిల్ ఎన్ని అమ్మారో ఒక డైరీలో రాసి పంపేవాళ్లు. బీఎంఆర్‌బీ అనే సంస్థ వాటిని కలిపి వారం చార్టు తయారుచేసేది. చిన్న దేశం. బీబీసీ రేడియో 1లో పాట పడిందంటే దేశమంతా ఒకేసారి వింటుంది, ఒకే వారంలో కొంటుంది.

అమెరికాలో బిల్‌బోర్డ్ అప్పట్లో షాపుల నుంచి ఏవి ఎక్కువ పోతున్నాయో అడిగేది, రేడియో స్టేషన్ల నుంచి ఏవి ఎక్కువ వేస్తున్నారో అడిగేది, రెండూ కలిపి ర్యాంకు ఇచ్చేది. బార్‌కోడ్ చూసి అమ్మకాలు లెక్కపెట్టడం 1991లో వచ్చింది. పైగా అది ఖండమంత దేశం. పాట ఒక నగరంలో పండిపోయి ఇంకో నగరంలో అప్పుడే మొగ్గ తొడుగుతూ ఉంటుంది. అన్ని చోట్లా ఒకే వారం పండితేనే నంబర్ వన్.

ఆ ఎండాకాలం గాలి కూడా వేరు. 'ద హజిల్' డిస్కో. 'జైవ్ టాకిన్' బీజీస్ నెమ్మది పాటలు వదిలి డాన్స్ లయకు మారిన పాట. అమెరికా లేచి ఆడటం మొదలుపెట్టిన నెలల్లో, కాలు కదపడానికి ఏమీ లేని పాట రెండో స్థానంలో మూడు వారాలు నిలబడింది. నాకు ఇది ఓటమిగా కనిపించడం మానేసి చాలా ఏళ్లయింది, కానీ ఆ మూడు తేదీలు చదివిన ప్రతిసారీ బాధ మాత్రం పోలేదు.

నెల్లూరు_నాయుడు (ఆదివారం మధ్యాహ్నం 12:15)

అందరూ పొగుడుతున్నారు కాబట్టి నా మాట కూడా చెప్తా, ఏమనుకోవద్దు. నాకు ఈ పాట నచ్చదు. రికార్డింగ్ గొప్పది, ఒప్పుకుంటా. కానీ మాటలు వినండి. నాకు నీ మీద ప్రేమ లేదు, ఫోన్ చేశానని పెద్దగా ఊహించుకోవద్దు, మన సంగతి నీ స్నేహితులకు చెప్పొద్దు, నీ ఫొటో గోడ మీద పెట్టుకున్నానంటే అక్కడున్న మరక కనపడకుండా. ఒక ఆడపిల్లతో మాట్లాడే పద్ధతేనా ఇది? ఇంత మెత్తగా పాడుతూ ఇంత కటువుగా మాట్లాడితే నాకు ఒళ్లు మండుద్ది. మా ఇంట్లో అక్కాచెల్లెళ్లతో ఎవడైనా ఇట్లా మాట్లాడితే ఊరుకుంటామా?

వీణ_వసంత (ఆదివారం మధ్యాహ్నం 1:05)

నాయుడు గారు అన్నది ఆలోచించాల్సిన మాటే. దాని గురించి తర్వాత వస్తాను. ముందు మూర్తి గారి 12 స్వరాల దగ్గర ఆగిపోయాను.

నేను పిల్లలకు వీణ చెప్తాను. పన్నెండు స్వరస్థానాలు మాకు రోజూ పనే. ఒక రాగం పాడేటప్పుడు అందులో లేని స్వరం తగిలితే అపస్వరం అంటాం. మరి వీళ్లు పన్నెండింటినీ 48 గొంతులతో విడివిడిగా పెట్టుకుని, వాటిలోంచి మూడు నాలుగు కలిపి వాయించారన్నమాట. నిన్న రాత్రి ఈ పోస్టు చదివాక తంబురా పెట్టె కట్టేసి విన్నాను. పాటలో సంగీతం తగ్గిన చోట్ల కూడా వెనకాల ఏదో సన్నగా ఉంటూనే ఉంది. శ్రుతి పెట్టె గదిలో ఇంకెక్కడో మోగుతున్నట్టు. అది ఏమిటి మూర్తి గారూ? టేపు శబ్దమా?

మిక్సింగ్_మూర్తి (ఆదివారం సాయంత్రం 4:30)

వసంత గారూ, మీ చెవికి దండం. అది టేపు శబ్దం కాదు, పన్నెండు స్వరాలూ కలిసి మోగడమే. చెప్తాను.

లూపు అంటే టేపు ముక్క కోసి, రెండు కొసలూ కలిపి అతికించి, గాజులా గుండ్రంగా చేయడం. అది మెషిన్‌లో తిరుగుతూనే ఉంటుంది, శబ్దం ఆగదు. అతికిన చోట మాత్రం చిన్న "టక్" వస్తుంది. లూపు చిన్నదైతే ఆ టక్ మాటిమాటికీ వచ్చి చంపేస్తుంది. అందుకని వీళ్లు లూపు ఒక్కోటి సుమారు 12 అడుగుల పొడవు చేశారు. ఒక కొస టేప్ రికార్డర్ హెడ్స్ మీదుగా, రెండో కొస గదిలో దూరంగా నిలబెట్టిన మైక్ స్టాండ్ పైన బిగించిన చిన్న చక్రం చుట్టూ. మధ్యలో టేపు బట్టలారేసే తీగలా బిగుతుగా ఉండాలి. సెకనుకు 15 అంగుళాల వేగమైతే ఒక చుట్టుకు తొమ్మిదిన్నర సెకన్లు పడుతుంది. అతుకులన్నీ ఒకేసారి రాకుండా చూసుకుంటే ఆ టక్కులు మిగతా గొంతుల్లో కలిసిపోతాయి.

నేను 80ల్లో మద్రాసులో అసిస్టెంటుగా ఉన్నప్పుడు ఈ అతుకులు వేసేవాణ్ణి. టేపును ఇత్తడి దిమ్మ మీద గాడిలో పెట్టి, షేవింగ్ బ్లేడుతో ఏటవాలుగా కోయాలి. నిలువుగా కోస్తే అతుకు వినపడుతుంది. కోసిన రెండు అంచులూ ఆనుకోవాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. వెనక వైపు తెల్ల టేపు అంటించి గోటితో గట్టిగా రుద్దాలి. ఒకసారి నేను సరిగ్గా రుద్దలేదు. వాయిస్తుండగా అతుకు లేచి, టేపు మొత్తం మెషిన్ చక్రానికి చుట్టేసుకుంది. మా పెద్దాయన ఏమీ అనలేదు. కత్తెర చేతికిచ్చి బయటికి వెళ్లిపోయారు. ముడతలు విప్పుతూ తెల్లవార్లూ కూర్చున్నాను. పన్నెండు లూపులు, ఒక్కోటి 12 అడుగులు, ఒక్కటీ లేవకుండా! ఆ మాట చదివినప్పుడల్లా నా గోళ్లు నొప్పెడతాయి.

ఇప్పుడు మీ ప్రశ్న. శబ్దాలు కలిపే మిక్సర్ బల్ల మీద ఒక్కో స్వరం ఒక్కో ఛానల్. పైకి తోస్తే వినపడుతుంది, కిందికి లాగితే పోతుంది. బల్ల ముందు నలుగురూ కూర్చుని, ఎవరి ఛానల్స్ వాళ్లు పట్టుకుని, కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) మారినప్పుడల్లా ఒకరు పైకి, ఒకరు కిందికి. అంటే మిక్సర్‌నే హార్మోనియంలా వాయించారు. స్టీవర్ట్ ఛానల్స్ అడుగున అడ్డంగా జిగురు టేపు అంటించాడు, ఎంత కిందికి లాగినా పూర్తిగా మూసుకోకుండా. అందుకే పాట పొడవునా ప్రతి స్వరమూ కాస్త తెరుచుకునే ఉంది. మీరు విన్నది అదే.

వీణ_వసంత (ఆదివారం సాయంత్రం 5:10)

పన్నెండూ తెరిచే ఉంచారా! మాకు శ్రుతి అంటే స ప స. ఆ మూడే ఉండాలి, అప్పుడే మిగతావి నిలబడతాయి. పన్నెండూ కలిపి శ్రుతిగా పెడితే గోలవుతుందని ఎవరైనా అంటారు. అంత సన్నగా ఉంచేసరికి అది స్వరం అన్న స్పృహ పోయి గదిలో గాలిలా అయిపోయింది. రేపు క్లాసులో పెద్ద పిల్లలకు వినిపిస్తాను.

ఓరుగల్లు_పోరడు (ఆదివారం సాయంత్రం 6:02)

మూర్తి సార్, ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌ల 48 గొంతులు కాపీ పేస్ట్ చేస్తే రెండు నిమిషాల పని. నిన్న రాత్రి నేనూ ట్రై చేసిన. నా గొంతు ఒక్కటే రికార్డు చేసి 48 సార్లు పెట్టిన. ఒక్క గొంతే గట్టిగ వినిపిస్తుంది, గుంపు అనిపిస్తలేదు. ఎందుకట్ల?

మిక్సింగ్_మూర్తి (ఆదివారం సాయంత్రం 6:40)

తమ్ముడూ, కాపీ చేస్తే అన్నీ అచ్చు ఒకటే కదా, ఒకదాని మీద ఒకటి పడి చప్పుడు పెరుగుతుంది అంతే. వాళ్లు 16 సార్లూ మళ్లీ మళ్లీ పాడారు. ప్రతిసారీ గొంతు వెంట్రుకవాసి పైకో కిందికో పోతుంది, ఊపిరి కొంచెం మారుతుంది. ఆ చిన్న చిన్న తేడాలన్నీ కలిస్తేనే గుంపు. నువ్వు నిజంగా 16 సార్లు పాడు, మీ అన్నతో, ఇంకో స్నేహితుడితో. ఒక్క స్వరం చాలు. విని చెప్పు.

స్టాక్‌పోర్ట్_శైలజ (ఆదివారం రాత్రి 8:15)

ఈ చర్చ ఇప్పుడే చూశాను. నేను తొమ్మిదేళ్లుగా స్టాక్‌పోర్ట్‌లోనే ఉంటున్నాను. మాది విజయవాడ. ఆ స్టూడియో వాటర్‌లూ రోడ్డులో ఉంది. ఉంది అంటే భవనం ఉంది. స్టూడియో 1993లో మూతపడింది. బయట గోడ మీద నీలం రంగు గుండ్రటి ఫలకం పెట్టారు. మొదటిసారి వెళ్లినప్పుడు ఏదో పెద్ద భవంతి ఊహించుకున్నాను. మామూలు ఇటుకల భవనం. వాన పడుతోంది, నేనూ మా అబ్బాయీ గొడుగు కింద నిలబడి ఫొటో తీసుకున్నాం. జాయ్ డివిజన్ అనే గ్రూపు వాళ్లు 1979లో 'అన్‌నోన్ ప్లెజర్స్' ఆల్బమ్ రికార్డు చేసింది కూడా అక్కడే. ఆ చీకటి పాటలు, ఈ మెత్తటి పాట ఒకే తలుపు లోంచి బయటికి వచ్చాయి.

2017లో ఊరి మ్యూజియంలో స్ట్రాబెర్రీ స్టూడియో మీద ప్రదర్శన పెట్టారు. ఈ పాట పేరును తిరగేసి 'ఐ యామ్ ఇన్ లవ్' అని పేరు పెట్టారు.

నాయుడు అన్నయ్యా, మీ మాటకు నా జవాబు. ఈ పాట ఎలా పుట్టిందో స్టీవర్ట్ చాలాసార్లు చెప్పాడు. పెళ్లయి ఎనిమిదేళ్లయింది. "నన్ను ప్రేమిస్తున్నానని ఎక్కువసార్లు చెప్పవేం?" అని భార్య అడిగింది. రోజూ చెబుతూ పోతే ఆ మాటకు విలువ పోతుందని అతని భయం. మరి ఆ మాట వాడకుండా ఎలా చెప్పాలి? ప్రేమ లేదు అంటూనే, ఎందుకు లేదో చెప్పడానికి అన్ని కారణాలు వెతుక్కునే మనిషిని రాశాడు. లేకపోతే అంతసేపు చెప్పడం ఎందుకు? లేనివాడు ఒక్క ముక్కలో చెప్పి వెళ్లిపోతాడు.

రాజమండ్రి_రేడియో (ఆదివారం రాత్రి 8:50)

శైలజ గారూ, మీ పోస్టు చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు.

మా నాన్నగారు మా అమ్మను పేరు పెట్టి పిలవడం కూడా నేను వినలేదు. "ఏమే", "ఇదిగో" అంతే. అమ్మ పోయి ఆరేళ్లు. హాల్లో ఉత్తరం గోడకు చెమ్మ పట్టి సున్నం పెచ్చులు ఊడుతుంటుంది. అమ్మ ఫొటో అక్కడే తగిలించారు. దండేసి పూజగదిలో పెడదామని మేమంతా అన్నాం. "గోడ అసహ్యంగా ఉంది, అక్కడే ఉండనీ" అన్నారు. నిరుడు రంగులు వేయించాం. చెమ్మకు మందు కొట్టించి గోడ నున్నగా చేయించాం. రంగులవాళ్లు వెళ్లీ వెళ్లకముందే స్టూలు వేసుకుని, సుత్తి పట్టుకుని, పాత మేకు ఉన్న చోటే మళ్లీ కొట్టారు. ఆయన పడక్కుర్చీ లోంచి తిన్నగా కనిపించే చోటు అదే. నాకు అది ఇప్పుడే, ఆ మరక మాట దగ్గర తట్టింది.

నెల్లూరు_నాయుడు (ఆదివారం రాత్రి 9:25)

రేడియో అన్నా, నీ పోస్టు రెండు సార్లు చదివినా. నా మాట వెనక్కి తీసుకోను, ఆ పాటలో మనిషి మంచోడని నాకు ఇప్పటికీ అనిపించట్లేదు. చెప్పాల్సిన మాట చెప్పకపోతే అవతలి మనిషి ఎంత ఎదురుచూస్తదో మా ఇంట్లో చూసినా. కానీ మీ నాన్నగారి గోడ మాత్రం మర్చిపోలేను.

మధ్యలో ఒక ఆడగొంతు గుసగుసగా వస్తది కదా. ఊరుకో, పెద్ద మగపిల్లలు ఏడవరు, అని మళ్లీ మళ్లీ. అది మాత్రం నాకు తగిలింది. మా తాత పోయినప్పుడు నాకు పదేళ్లు. "మగపిల్లోడివి, ఏడవకూడదు" అని ఒక పెద్దామె నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి పసుపు వాసన ఇప్పటికీ గుర్తు. ఆ గొంతు ఎవరిది?

స్టాక్‌పోర్ట్_శైలజ (ఆదివారం రాత్రి 9:50)

కాథీ రెడ్‌ఫర్న్ అని, ఆ స్టూడియోలో సెక్రటరీ. గాయని కాదు. పాట అయిపోయింది, ఇంకా ఏదో తక్కువైంది అనుకుంటున్నారట. ఆమె మెల్లగా తలుపు తీసి, "ఎరిక్, మీకు ఫోన్ వచ్చింది" అని గుసగుసగా చెప్పింది, లోపల పని చెడకూడదని. లోల్ క్రీమ్ వెంటనే, మనక్కావలసిన గొంతు ఇదే అన్నాడు. ఆమె భయపడింది, నా వల్ల కాదంది. ఫోన్ వచ్చిందని చెప్పినట్టే చెప్పు చాలు అని ఒప్పించారు.

చార్ట్_చంద్రం (ఆదివారం రాత్రి 10:30)

ఇది చదివాక ఒక లెక్క రాయకుండా ఉండలేను. ఎరిక్ స్టీవర్ట్‌కూ రెండో స్థానానికీ ఉన్న చుట్టరికం చూడండి.

1966లో మైండ్‌బెండర్స్ అనే గ్రూపులో 'ఎ గ్రూవీ కైండ్ ఆఫ్ లవ్' పాడాడు. బ్రిటన్‌లో 2, అమెరికాలోనూ 2. 1970లో గాడ్లీ, క్రీమ్‌లతో కలిసి హాట్‌లెగ్స్ పేరుతో 'నియాండర్తల్ మ్యాన్'. బ్రిటన్‌లో 2. 1972లో టెన్ సీసీ మొదటి హిట్ 'డోనా'. మళ్లీ 2. 1973లో 'రబ్బర్ బుల్లెట్స్'తో గండం గట్టెక్కి నంబర్ వన్ చూశారు. 1975లో ఈ పాట, బ్రిటన్‌లో 1, అమెరికాలో 2. ఆ 1966 పాటనే 1988లో ఫిల్ కాలిన్స్ మళ్లీ పాడితే రెండు దేశాల్లోనూ నంబర్ వన్ అయింది!

టెన్ సీసీకి అమెరికాలో ఇంతకంటే పెద్ద హిట్ రాలేదు. 1977లో 'ద థింగ్స్ వుయ్ డూ ఫర్ లవ్' ఐదో స్థానం దాకా వెళ్లింది. అప్పటికే గాడ్లీ, క్రీమ్ గ్రూపు వదిలి వెళ్లిపోయారు. ఆ నలుగురూ ఒకే మిక్సర్ మీద చేతులు వేసిన రోజులు చాలా తక్కువ.

ఈ పాటకు 1976లో మూడు ఐవర్ నోవెల్లో అవార్డులు వచ్చాయి. బ్రిటన్‌లో పాటలు రాసేవాళ్లకు ఇచ్చే పెద్ద గౌరవం అది. ఇక మన ఓరుగల్లు తమ్ముడు చెప్పిన సినిమా పాటల ఆల్బమ్ 2014 ఆగస్టులో బిల్‌బోర్డ్ ఆల్బమ్స్ చార్టులో నంబర్ వన్ అయింది. అన్నీ పాత పాటలే ఉన్న సినిమా ఆల్బమ్ ఆ స్థానానికి చేరడం అదే మొదటిసారి. 39 ఏళ్ల తర్వాత, ఇతర పాటల చెయ్యి పట్టుకుని, అమెరికాలో ఆ మెట్టు కూడా ఎక్కింది. నేను దీన్ని లెక్కలో వేసుకుంటాను, ఎవరు కాదన్నా.

మిక్సింగ్_మూర్తి (ఆదివారం రాత్రి 11:05)

ఒక్క మాట కలుపుతాను. అదే 1975లో మన సినిమా పాట ఎలా రికార్డు అయ్యేదంటే, వాయిద్యాలవాళ్లంతా ఒకే హాల్లో, గాయకుడు పక్క గదిలో, అందరూ ఒకేసారి. ఆఖరి చరణంలో వయొలిన్ తప్పితే మళ్లీ పల్లవి నుంచి. అది వేరే రకం గొప్పతనం. నాకు రెండూ కావాలి. కానీ మూడు వారాలు ఒక్క అక్షరం పాడటానికి కూర్చున్న ఆ ముగ్గురిని తలుచుకుంటే, నేను పనిచేసిన ఏ గదిలోనూ అంత తీరిక చూడలేదు.

ఓరుగల్లు_పోరడు (సోమవారం రాత్రి 7:20)

మూర్తి సార్, చేసిన! నేను, అన్న, మా పక్కింటి సాయి. ఒక్క స్వరం, 16 సార్లు. పదో సారికి సాయి గొంతు బొంగురుపోయింది, అన్న నవ్వు ఆపుకోలేక రెండు టేకులు పోయినయ్. కానీ అన్నీ కలిపి వింటే సార్, మా ముగ్గురి గొంతులు ఎక్కడా కనిపిస్తలేవు. ఎవరివో తెల్వదు. అమ్మ వంటింట్ల నుంచి వచ్చి "గుడిల పెట్టిన్రా ఏంది?" అన్నది.

వీణ_వసంత (సోమవారం రాత్రి 8:05)

బాబూ, ఆ ఫైల్ ఇక్కడ పెట్టు. మా పిల్లలకు ఈ పాటతో పాటు అది కూడా వినిపిస్తాను.

రాజమండ్రి_రేడియో (సోమవారం రాత్రి 9:40)

ఇందాక భోజనాలయ్యాక నాన్నగారి పడక్కుర్చీ పక్కన చిన్న స్పీకర్ పెట్టి ఈ పాట వేశాను. ఆయనకు ఇంగ్లిష్ పాటలు అలవాటు లేదు, ఎనభై దాటారు. మాటల అర్థం ఏమీ చెప్పలేదు. కళ్లు మూసుకుని విన్నారు. ఆ ఆడగొంతు వచ్చినప్పుడు కళ్లు తెరిచి, "ఎవరా అమ్మాయి?" అన్నారు. ఫోన్ వచ్చిందని చెప్పడానికి తలుపు తీసిన అమ్మాయి కథ చెప్పాను. తలూపారు.

పాట అయిపోయింది. ఇంక పడుకుంటారేమోనని స్పీకర్ తీయబోయాను.

"ఆ ఫ్యాన్ కట్టేయ్, సరిగ్గా వినపడటం లేదు. మొదటి నుంచి పెట్టు" అన్నారు.